మందు పడని రోజులు

మందు పడని రోజు: 1,038

ఈ పుస్తకం చేత్తోనే రాయాలని, రోజూ రాయకపోయినా విశేషం జరిగిన రోజు తప్పక రాయాలని, అబద్ధం రాస్తే రేషన్ ఆపుతారని మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది. కాబట్టి నిజమే రాస్తున్నాను. నా పేరు మౌనిక. వయసు అరవై ఒకటి. నా పేరుకూ నా నోటికీ పొత్తు లేదని తుమ్మలగడ్డలో ఎవరినడిగినా చెబుతారు. ఈ ఊరికి నేను మొక్క సాక్షిని. అంటే, తూనీగకు తెలియని మొక్క కనబడితే అది నన్ను అడుగుతుంది, నేను పేరు చెబుతాను, అది చంపుతుంది.

తూనీగ మంచమంత ఉంటుంది. నాలుగు రెక్కలు, కడుపులో మందు ట్యాంకు. చిన్నప్పుడు మా అమ్మ చూపించిన తూనీగ వేలెడంత ఉండేది. ఇప్పుడు ఆ పేరుకు మిగిలింది ఈ మిషన్ ఒక్కటే.

ఈ రోజు సాయితేజ బావ పత్తి చేను గట్టు మీద ఒక మొక్క దగ్గర ఆగి, "ఇది పంటా, కలుపా?" అని అడిగింది.

"గంగవాయిలి కూర. పప్పుల ఏస్కుంటే రొండు రొట్టెలు ఎక్కువ తింటరు" అన్నాను.

"జాబితాలో లేదు. కలుపు" అని దాని మీద మందు కొట్టింది. ఇంత సంబడానికి నన్నెందుకు అడిగినట్టు!

పైన వేసిన లెక్క సంగతి రాయాలి. ఊళ్ళో అన్ని చేలకూ తూనీగ మూడు రోజులకోసారి గడ్డి మందు కొడుతుంది. దిబ్బ మీద మా అమ్మకు సర్కారు ఇచ్చిన ఎకరానికి మాత్రం కొట్టదు, ఎందుకంటే అక్కడ నేను చేత్తో కలుపు తీస్తాను. ఒక్క పిచ్చి మొక్క కూడా జానెడు దాటకుండా చూసుకుంటే వదిలేస్తారు. అలా వరుసగా మూడేళ్ళు, అంటే 1,096 రోజులు మందు పడకపోతే ఇక ఆ నేల జోలికి ఎప్పటికీ రారు. ఒక్కసారి పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఆ ఎకరంలో పాత బాయి ఉంది. రోజుకు ఎనిమిది బిందెలు ఊరుతుంది. నా కూతురు తన్వి తాగేది ఆ నీళ్ళే. దానికి ఏడు నెలలు నిండాయి. మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోసారి నెలలు నిండి పుట్టింది గానీ ఏడవలేదు. ఈసారి నిలిచిందని తెలియగానే, ఏడో నెల దాకా ఆగకుండా మూడో నెలలోనే పుట్టింటికి తెచ్చుకున్నాను. వాళ్ళత్త ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

మందు పడని రోజు: 1,041

డాక్టర్ జోయా మేడమ్ నెలకోసారి మా ఊరికి వస్తుంది. ఉచ్చలో ఒక పట్టీ ముంచి చూస్తుంది. పట్టీ మీద పది గీతలుంటాయి, ఎన్ని ఎర్రబడితే ఒంట్లో అంత మందు ఉన్నట్టు. మా ఊళ్ళో ఎవరికీ ఆరుకు తగ్గదు. తన్వి వచ్చినప్పుడు ఏడు గీతలు. ఈ రోజు రెండు.

మేడమ్ ఆ పట్టీని వెలుగులో పెట్టి మూడుసార్లు చూసింది. "ఈ బాయి నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ముట్టకు బేటా. కాన్పు దాకా. మౌనికమ్మా, ఈ పిల్లకు నేనిచ్చే గోలీల కంటే నీ బాయే పెద్ద మందు" అంది. వెంటనే, "మందు అనకూడదు, ఆ మాటే చెడిపోయింది" అని తనే నవ్వింది.

తర్వాత సాయితేజ బావ వంతు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నాకు వరసకు బావ, నా ఎకరానికి గట్టు పక్క పొత్తు, అంటే పేచీకి పొత్తు. ఈ తూనీగలు రాకముందు ముప్పై ఏళ్ళు వీపు మీద ట్యాంకు మోసి మందు కొట్టినవాడు, ఒట్టి చేతులతో బకెట్లో కలిపినవాడు. ఇప్పుడు వేళ్ళకు స్పర్శ లేదు. పొగలు కక్కే చాయ్ గ్లాసును అరచేతిలో పట్టుకుంటాడు, అదేదో విద్య అయినట్టు. ఆయనకు తొమ్మిది గీతలు ఎర్రబడ్డాయి.

"తొమ్మిదైతే ఏమాయె? బతికే ఉన్న గదా మేడమ్" అన్నాడు. నావైపు తిరిగాడు. "మందు లేకుంటే దేశమంత ఉపాసం పండాలె. మా మర్దలు లెక్క ఎకరానికొక ముసల్ది కూసోని కలుపు తీస్తే అయితదా?"

"మీ తమ్ముడు గూడ గట్లనే అంటుండె బావా. కిడ్నీలు ఖరాబైనంక అనుడు బందువెట్టిండు" అన్నాను. మీ తమ్ముడు అంటే నా మొగుడు. పోయి పదేళ్ళయింది.

బావ గ్లాసెత్తి చాయ్ తాగాడు.

మందు పడని రోజు: 1,044

మండలం డిపో నుంచి నిహాల్ సార్ వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇస్త్రీ ప్యాంటు. గట్టు దిగి చేలో అడుగు పెట్టగా నేను చూడలేదు. బావ పత్తి చేలో మొండి తోటకూర తలెత్తు పెరిగింది, చూడమన్నాను. ఈ మొండి తోటకూరకు మందంటే భయం పోయి చాలా కాలమైంది. మోతాదు రెండింతలు చేశారు, మూడింతలు చేశారు. పత్తి వాడిపోతోంది గానీ ఇది మాత్రం నిగనిగలాడుతోంది. చావాల్సిన గంగవాయిలి చచ్చింది, వానపాము చచ్చింది, తేనెటీగ చచ్చింది.

"కొత్త మందు వస్తోందమ్మా. రెండు మందులు కలిపి కొడతాం. తూనీగ కడుపులోనే కలుస్తాయి" అన్నాడు సార్. తర్వాత సంతోషంగా, "ఇంకో శుభవార్త. ఇక నుంచి తూనీగతో మీ యాసలోనే మాట్లాడవచ్చు. మొత్తం నేర్పించాం" అన్నాడు.

"మా యాస నేర్వనీకి దానికెన్ని దినాలు వట్టింది సారు?"

"నలభై నిమిషాలు."

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ నాకు నేర్పడానికి పదేళ్ళు పట్టింది, అదీ వీపు మీద దెబ్బలతో. కానీ కొంచెం గర్వం కూడా అనిపించింది. నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను. కొంప ముంచేది ఎప్పుడూ ఇలాంటి గర్వమే.

మందు పడని రోజు: 1,046

తప్పు జరిగింది. నాదో దానిదో తేలలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రతిసారీ తూనీగ నా ఎకరం గట్టు దగ్గర ఆగి, "ఎకరం స్థితి చెప్పండి" అంటుంది. ఇన్నాళ్ళూ నేను బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు "ఈ ఎకరంలో కలుపు లేదు" అనేదాన్ని. అది "నమోదైంది" అని వెళ్ళిపోయేది. ఈ రోజు మన యాస వచ్చిందన్నారు కదా అని, నడుము మీద చెయ్యి వేసుకుని, దర్జాగా "కలుపులే" అన్నాను, కలుపు లేదని.

తూనీగ ఒక క్షణం ఆగింది. "సరే అవ్వా. మందు కలపలే అని రాసుకున్న. కలపమంటవా?" అంది. అచ్చం మా ఊరి గొంతు.

"కలపలే గాదు. కలుపు లే! కలుపు!" అని అరిచాను.

"మంచిది. కలుపుతున్న" అంది. దాని కడుపులో గుడగుడమని చప్పుడు మొదలైంది.

"ఓసి నీ రెక్కలిరగ! కలుపు అంటే గడ్డే! కలుపు!"

"కలుపుతున్ననే అవ్వా, ఎందుకు తొందర?" అంది. గుడగుడ ఆగాక, "రెండు మందులు కలిసినయి. మొక్క సాక్షి మౌనిక సొంత నోటితోని చెప్పింది కాబట్టి మినహాయింపు తీసేసినం. ఎల్లుండి పొద్దుగాల ఆరు గంటలకు పిచికారీ. పని అయ్యేదాక రోజూ వస్త" అని చెప్పి ఎగిరిపోయింది.

నేను గట్టు మీద కూలబడ్డాను. ఇంటికి వెళ్ళి తన్వికి చెప్పడానికి గంట పట్టింది. అది కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నది. "రొండు మందులా అమ్మా?" అంది. నన్ను తిట్టినా బాగుండేది.

మందు పడని రోజు: 1,047

డిపోకు ఫోన్ చేశాను. నిహాల్ సార్ రికార్డింగ్ విన్నాడు.

"మీరు స్పష్టంగా 'కలుపు' అన్నారమ్మా. మూడుసార్లు. గట్టిగా."

"నేను దాన్ని తిట్టిన సారు!"

"తిట్టు అని దానికి తెలియదు కదమ్మా. సవరణకు దరఖాస్తు పెట్టండి. తొమ్మిది పని దినాలు."

"రేపు పొద్దుగాల కొడ్తది. నా బిడ్డ ఆ నీళ్ళే తాగుతున్నది. తొమ్మిది దినాలైనంక సవరిస్తే సచ్చినోనికి సెలైన్ ఎక్కించినట్టే గదా."

సార్ లేచి తలుపు వేసిన చప్పుడు వినబడింది. తర్వాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. తూనీగ ఒక ఎకరాన్ని పదహారు గళ్ళుగా చూస్తుందట. ఏ గడిలో మనిషి ఉంటే ఆ గడిలో కొట్టదట. ఖాళీగా ఉన్న గడిలో కొడుతుంది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఖాళీ కోసం చూసి, దొరక్కపోతే వెళ్ళిపోతుంది. "ఇది నేను చెప్పానని ఎక్కడా రాయకండి" అన్నాడు. మొదటి పేజీలో అబద్ధం రాయొద్దని మాత్రమే ఉంది, కానీ ఎవరు చెప్పారో రాయకపోతే నేనే కనిపెట్టానని అనుకుంటారు. అది అబద్ధమే కదా. రాశాను.

పదహారు మంది కావాలి. మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఉత్త చేతులతో అడగలేదు, బదులు అడిగాను. మా అమ్మ కాలంలో కలుపు తీతకు అలాగే పోయేవాళ్ళు. నువ్వు నా చేనుకు ఒక దినం వస్తే నేను నీ చేనుకు ఒక దినం వస్తాను. చెయ్యికి చెయ్యి, దినానికి దినం. ఆ మాట విని ఇరవై ఏళ్ళయిందని రిజ్వానా అంది. రిజ్వానా, నేను ఒకే ఈడు, చిన్నప్పుడు ఒకే సాలులో కలుపు తీసినవాళ్ళం.

"ఏం పని జెయ్యాలె మరి?" అంది.

"కూసోవాలె. గంతే."

"నలభై ఏండ్ల సంది నా మొగుడు చేస్తున్న పనే గదనే. నేర్పిస్త పా" అంది.

చీకటి పడకముందే పదిహేడు మంది తేలారు. పదహారు మంది కూర్చోవడానికి, ఒకరు బదిలీ మనిషి, ఎవరైనా చాటుకు వెళ్ళాల్సివస్తే వాళ్ళ గడిలో కూర్చోవడానికి. బదిలీ పని కాళ్ళు చురుగ్గా ఉన్న లాస్యకు ఇచ్చాం, దానికి యాభై రెండే. సాయితేజ బావను అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు.

తన్వి తానూ వస్తానంది. "నువ్వొచ్చి మందు కింద కూసుంటే నేను నీళ్ళెవరికని కాపాడాలె?" అని కసిరాను. తర్వాత తల దువ్వాను.

మందు పడని రోజు: 1,048

పడలేదు. అందుకే లెక్క ముందుకు వేశాను.

ఆరు కొట్టగానే వచ్చింది. మా నెత్తుల మీద తిరిగింది. ఒక్కొక్కరి మీద ఆగి కిందికి దిగి చూసింది. నా మీదికి వచ్చినప్పుడు మందు వాసన గుప్పుమంది, కళ్ళు మండాయి. ఆ వాసన నాకు తెలుసు. నా మొగుడి చొక్కాలన్నీ అదే వాసన వేసేవి. ఎంత ఉతికినా పోయేది కాదు. భయం వేసింది. కదల్లేదు.

"అవ్వా, జెర లేస్తవా? కొట్టేది ఉన్నది" అంది.

"మోకాళ్ళ నొప్పులు బిడ్డా. లేవరాదు" అన్నాను.

సాయంత్రం ఆరు దాకా తిరిగి వెళ్ళిపోయింది. పన్నెండు గంటలు కూర్చోవడం పనే అని అందరూ ఒప్పుకున్నారు. రిజ్వానా మొగుడికి క్షమాపణ చెప్పుకుంటానంది. ఇంటికెళ్ళాక చెప్పదని నాకు తెలుసు.

మందు పడని రోజు: 1,050

కూర్చున్న చేతులు ఊరికే ఉండవు. రెండో రోజు నుంచే అందరూ చేతికి అందిన గడ్డిని పీకడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. కంది సాళ్ళ మధ్య ఇంత శుభ్రం నేనొక్కదాన్నే మూడేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. తినే ఆకులు పక్కన కుప్ప వేశారు. మధ్యాహ్నం రొట్టెలతో అవే తిన్నాం. దాహమేస్తే బాయి నీళ్ళు. కూర్చున్నవాళ్ళకు రోజుకు బిందెన్నర పోతోంది. తన్వికి కొరత లేదు.

కలుపు పాట ఒకటి నాకు సగమే గుర్తొచ్చింది. మిగతా సగం రిజ్వానా తూనీగను తిడుతూ పూర్తి చేసింది. రిటైరైన బస్సు డ్రైవర్ అభిలాష్ అన్న ఏడో గడి నుంచి ఉన్నట్టుండి "పాము! పాము!" అని కేక వేశాడు. వెళ్ళి చూడటానికి లేదు కాబట్టి ఎట్లుందో చెప్పమన్నాం. ఎర్రగా, వేలెడంత, మన్నులోకి దూరుతోంది అన్నాడు. వానపాము. పదహారు మందీ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరికి వాళ్ళు తమ గడిలో మన్ను కెలికి చూసుకున్నారు. నాకు రెండు కనబడ్డాయి. ఏడుపొచ్చింది, ఎందుకో రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు.

మందు పడని రోజు: 1,052

గోరుచుట్టు మీద రోకటిపోటు. పొద్దున ఇద్దరు రాలేదు. ఒకామెకు వాంతులు, ఇంకొకాయన కొడుకు రేషన్ పోతుందని గడియ పెట్టాడట. లాస్యను ఒక గడిలో కూర్చోబెట్టినా పదహారోది ఖాళీ. అది సాయితేజ బావ గట్టును ఆనుకుని ఉన్నది, బాయికి ఇరవై అడుగులు.

తూనీగ ముందు ఆ గడినే చూసింది. తన్వి ఇంటి దగ్గర నుంచి చూస్తోంది, చెప్పులు కూడా లేకుండా బయల్దేరింది. "రాకే! రాకే!" అని నేను అరుస్తున్నాను. లేస్తే నా గడి పోతుంది. లేవకపోతే నా బిడ్డ మందు కిందికి వస్తుంది. జీవితంలో అంత భయం నేనెప్పుడూ పడలేదు.

అప్పుడు బావ గట్టు దాటాడు. లుంగీ ఎగ్గట్టి, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, వచ్చి పదహారో గడిలో చతికిలబడ్డాడు. తూనీగ ఆయన నెత్తి మీద ఆగి, పైకి లేచింది. తన్వి దారిలోనే నిలబడిపోయింది.

"ఏంది బావా, ఇటు దిక్కు?" అన్నాను.

"నీ కోసం గాదు తియ్. గిక్కడ గొడ్తే నా పత్తి మీద పడ్తది. రెండు మందులంట, ఏమన్న అయితే?" అన్నాడు.

ఆయన పత్తి మీద మొన్ననే మూడింతల మోతాదు పడింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. రేపూ వస్తానన్నాడు.

మందు పడని రోజు: 1,057

నిహాల్ సార్ కాగితం పట్టుకుని వచ్చాడు. ఆజ్ఞ రద్దు. మినహాయింపు మళ్ళీ ఇచ్చారు, లెక్క తెగలేదు. మధ్యలో ఆదివారం కూడా పని దినంగా కలిపించానని మెల్లగా చెప్పాడు. కాగితం చివర ఒక షరతు ఉంది: "ఇకపై సాక్షులు 'కలుపు' అను పదమును వాడరాదు. 'అవాంఛిత మొక్క' అనవలెను."

"గది నా నోట్లె తిరుగుతదా సారు?"

"ప్రయత్నించండి."

ప్రయత్నించాను. నాలుగోసారికి వచ్చింది. సంతకం పెట్టాను. పదహారు మందీ లేచి నిలబడ్డారు. కొందరిని లేపి నిలబెట్టాల్సి వచ్చింది.

మందు పడని రోజు: 1,060

తన్వి కోసం జోయా మేడమ్ ఈసారి నెల తిరక్కుండానే వచ్చింది. తన్వికి ఒకే గీత. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, నాకూ వినిపించింది. గుర్రం పరుగెత్తినట్టుంది.

మిగతావాళ్ళ పట్టీలు కూడా చూసి మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కూర్చున్నవాళ్ళందరికీ తలా ఒకటి రెండు గీతలు తగ్గాయి. బాయి నీళ్ళు, చేలో ఆకు, అంతే. సాయితేజ బావకు ఎనిమిది. బావ ఆ పట్టీని తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఊకె" అన్నాడు.

మందు పడని రోజు: 1,076

తన్వికి ఇంకా పదిహేను రోజులుంది. బట్టలు, పాత చీరలు సర్ది పెట్టాం.

పొద్దున్నే బావ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చాయ్ ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"మర్దలా, నీకు నేను ఆరు దినాలు కూసున్న."

"కూసున్నవు బావా. ఎన్నడు గావాల్నో చెప్పు, వస్త. పత్తి ఏరాల్నా?"

"పత్తి గాదు. నా చేన్ల కూసోవాలె."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన గ్లాసు వైపే చూస్తూ చెప్పాడు. మనుమడి పెళ్ళాం శాన్వికి రెండో నెల. పట్టీ చూస్తే ఎనిమిది గీతలు. చేను మినహాయింపు అడిగితే, ముందు ముప్పై రోజులు మందు పడకుండా చూపిస్తేనే దరఖాస్తు తీసుకుంటామన్నారట. మామూలు మందుకు మూడు రోజులకోసారే తూనీగ వస్తుంది, ఆ రోజు తప్పితే మర్నాడు రాదు. అంటే పది దినాలు కూర్చోవాలి.

"తన్వి పురుడైనంక బాయి నీళ్ళు శాన్వికే, అడుగుడెందుకు? కని బావా, నేల సాఫు గానీకి మూడేండ్లు వడ్తది. కాన్పుకు అందదు."

"ఎరికనే. కాన్పుకు అందదు. పుట్టినోడు రొండు మూడేండ్లకు నడుస్తడు, చేన్లకొస్తడు. పోరగాండ్లు మన్ను దింటరు గదా మర్దలా" అన్నాడు. "నేను ఆ మన్నుల ఏమేం పోసిన్నో నాకెరికె."

బావ కళ్ళలో నీళ్ళు నేను మొదటిసారి చూశాను, మా ఆయన పోయినప్పుడు కూడా చూడలేదు. "చాయ్ సల్లారుతది, తాగు" అన్నాను.

"నాకు తెల్వది గద సల్లారింది" అన్నాడు.

సాయంత్రం మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాం, ఈసారి ఇద్దరం. ముప్పై ఏళ్ళు మందు కొట్టినోనికి ఇప్పుడు బుద్ధొచ్చిందా అని ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. "వొచ్చింది" అన్నాడు బావ. పదహారు మంది తేలారు. పదిహేడో మనిషి దొరకలేదు. లాస్యకు జ్వరం.

బావ ఎకరం. మందు పడని రోజు: 1

ఈ పుస్తకంలో ఇంకో ఎకరం లెక్క రాయవచ్చో లేదో అడగలేదు. రాస్తున్నాను.

నిన్న సాయంత్రం తన్వికి నొప్పులు మొదలయ్యాయి, పదకొండు రోజులు ముందుగా. అల్లుడు వ్యాను తెచ్చాడు, మండలం ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. జోయా మేడమ్ అక్కడే ఉంది. నేను వ్యాను ఎక్కబోతే తన్వి ఆపింది. "పొద్దుగాల పెద్దనాయిన చేన్ల నీ గడిల ఎవరు గూసుంటరే? మనిషి లేడు గదా. నువ్వు మాటిచ్చినవు. మేడమ్ ఉన్నది, ఈన ఉన్నడు. నువ్వు పొద్దుగూకినంక రా" అంది. నొప్పి వచ్చి మధ్యలో ఆగి, మళ్ళీ చెప్పింది. రెండో కాన్పు రోజు నేను దాని చెయ్యి పట్టుకునే ఉన్నాను. అది గుర్తుకొచ్చి వ్యాను తలుపు వదల్లేకపోయాను. అయినా ఉండిపోయాను.

పొద్దున ఆరింటికి బావ చేలో నాలుగో గడిలో కూర్చున్నాను. చుట్టూ మొండి తోటకూర, కూర్చుంటే నా నెత్తి దాటుతోంది. ఒక్కొక్కటే పీకాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. తూనీగ పైన తిరుగుతోంది. ఫోన్ ఒడిలో పెట్టుకున్నాను. ఎనిమిదయింది. తొమ్మిదయింది. రిజ్వానా తన గడి నుంచి దువా చదువుతోంది, పక్క గడిలో బావ చేతులు జోడించుకుని ఊరికే నేలను చూస్తున్నాడు. పది దాటింది. పదకొండయింది. ఎవరికీ ఫోన్ చేసి అడిగే ధైర్యం లేదు.

పదకొండూ ఇరవైకి మోగింది. తన్వి నంబరు. ఎత్తాను. అల్లుడు మాట్లాడలేదు, తన్వీ మాట్లాడలేదు. ఏడుపు వినబడింది. సన్నగా, గీరగా, ఆపకుండా, ఎవరి మీదో కోపం వచ్చినట్టు.

నేను లేచాను. నాకు తెలియకుండానే లేచాను. రెండడుగులు గట్టు వైపు వేశాను కూడా. నెత్తి మీద రెక్కల చప్పుడు కిందికి దిగింది.

"అమ్మా" అంది తన్వి. గొంతు అరిగిపోయి ఉంది. "ఆడపిల్ల. వింటున్నవా? ఏడుస్తున్నదే. మస్తు ఏడుస్తున్నది."

"వింటున్న బిడ్డా. వస్తున్న. గిప్పుడే వస్తున్న."

"యాడున్నవు?"

"బావ చేన్ల."

"నెత్తి మీద తూనీగ ఉన్నదా?"

చూశాను. నా గడి మీద ఆగి ఉంది. "ఉన్నది" అన్నాను.

"అయితే లేవకు. కూసో. నేను గీడనే ఉంట, ఇది గీడనే ఉంటది. శాన్విది ఎవలు జూస్తరు? కూసో అమ్మా."

పక్క గడిలో బావ "నువ్వు పో మర్దలా, పోతే పోనీ, పో" అని అరుస్తున్నాడు. నేను వెనక్కి రెండడుగులు వేసి నా గడిలో కూర్చున్నాను. తూనీగ పైకి లేచింది. ఫోన్ స్పీకర్లో పెట్టి మన్ను మీద ఉంచాను. పదహారు మందీ మాటలాపి విన్నారు. చాలాసేపు ఏడ్చింది నా మనుమరాలు. నేనూ ఏడ్చాను. సిగ్గు పడలేదు.

సాయంత్రం ఆరింటికి తూనీగ వెళ్ళిపోయింది. బావ ఎకరంలో ఈ రోజు మందు పడలేదు.